చప్పిడి పథ్యం

ఉడికించిన కోడిగుడ్డు పెంకు వలుస్తుంటే ఒక వాసన వస్తుంది. రోజుకి ఒకటి తినేవాడికి అది తెలియదు. రోజుకి ఎనిమిది చొప్పున అయిదు నెలలు తిన్నవాడికి తెలుస్తుంది. అది వేళ్ళకి పడుతుంది, గోళ్ళలోకి దూరుతుంది, సబ్బు పెట్టి తోమినా పోదు. పొద్దున్నే పళ్ళు తోముకుందామని బ్రష్షు నోటి దాకా తెస్తే ముందు నా చెయ్యే కంపు కొట్టేది. ఇక నోటి కంపు వేరే. మా అమ్మాయి గోళ్ళకి రాసుకునే రంగు సీసా మూత తీస్తే వచ్చే ఘాటు, అచ్చంగా అదే. ఎదుటి మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక అడుగు వెనక్కి వేసేవాడు. నా ఒంటి మీద నాకే అసహ్యం పుట్టిన రోజులవి.

నా పేరు అచ్యుతరామరాజు. భీమవరానికి ఆరు మైళ్ళలో మా ఊరు. పద్దెనిమిది ఎకరాల్లో టైగర్ రొయ్యల చెరువులున్నాయి. నేను చెప్పేది రెండువేల నాలుగు నాటి సంగతి. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు, ఒళ్ళు నూట తొమ్మిది కిలోలు. మోకాళ్ళు చెరువు గట్టు ఎక్కడానికి మొరాయిస్తున్నాయి.

ఆ మాఘమాసంలో మా బావమరిది పెద్దిరాజు ఒక పెళ్ళికి హైదరాబాదు నుంచి వచ్చాడు. అక్కడ బిల్డింగులు కడతాడు. అంతకు ముందు వచ్చినప్పుడు మా వీధి తలుపు ఒక రెక్క తీస్తే పక్కకి తిరిగి దూరిన మనిషి, ఈసారి నిటారుగా, ఎదురుగా లోపలికి వచ్చాడు. ఒంట్లోంచి ఒక మనిషిని తీసేసినట్టున్నాడు.

"ఏం చేశావయ్యా?" అన్నాను.

"అన్నం మానేశానండి బావగారూ. అన్నం, చపాతీ, పప్పు, పాలు, పంచదార, పళ్ళు... ఇవేవీ నోట్లోకి వెళ్ళకూడదండి. గుడ్లు, కోడి, చేపలు, నెయ్యి, ఆకుకూరలు ఎంతయినా తినొచ్చండి. ఎవరో అమెరికా డాక్టరు రాసిన పుస్తకమండి. మీకోసం జిరాక్సు తీయించి తెచ్చాను" అని రెండు వందల పేజీల కట్ట నా చేతిలో పెట్టాడు.

ఆ కట్ట నేను చదవలేదు. ఇంగ్లీషు, పైగా సగం అక్షరాలు పడని జిరాక్సు. చదవాల్సిన అవసరం మాత్రం ఏముంది? పథ్యం సంగతి నాకు అమెరికావాడు చెప్పాలా? మా ఇంట్లో పచ్చకామెర్లు వస్తే పథ్యం, బాలింతకి పథ్యం, నాటుమందు వేసుకుంటే పథ్యం. ఏ పథ్యమైనా ఉప్పు, పులుపు, కారం బంద్. ఉప్పు తింటూ పథ్యం చేస్తున్నానన్నవాణ్ణి మా నాన్నగారు మనిషి కిందే లెక్కపెట్టేవారు కాదు.

"రేపటినించి నాకు చప్పిడి వండు" అన్నాను మా ఆవిడ సుబ్బాయమ్మతో.

"ఉప్పు కూడా మానాలా అండి? తమ్ముడు ఉప్పు సంగతేం చెప్పలేదు కదండి" అంది.

"నీ తమ్ముడికి పథ్యం అంటే ఏం తెలుసు? హైదరాబాదులో ఉంటున్నాడు. ఇంకొకటి విను. రేపటినించి ఈ ఇంట్లో అన్నం ఉడక్కూడదు. ఆ వాసన నా ముక్కుకి తగిలిందంటే కంచం వీధిలో ఉంటుంది."

"అలాగేనండి" అంది.

అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మరి ఆవిడేం తింటుందన్న ప్రశ్న నాకు రాలేదు. మా ఇళ్ళలో మగాళ్ళు తిని లేచాక ఆడవాళ్ళు తింటారు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ కంచంలో ఏముందో నేనెప్పుడూ చూసి ఎరగను.

మొదటి రెండు నెలలూ గొప్పగా గడిచాయి. గొప్పగా అంటే, తిండి చూస్తే డోకు వచ్చేది, తూకం చూస్తే పండగలా ఉండేది. ఉప్పు లేని తెల్లసొన నోట్లో జారుతూ ఉంటుంది, నమిలినా మెత్తబడదు, మింగినా పోదు. ఉప్పు లేని కోడిమాంసం, పైన గడ్డకట్టిన నెయ్యి. ఉప్పు లేని కొరమీను అయితే చెరువు అడుగున బురద తిన్నట్టే. ఒక్కోసారి ముద్ద నోట్లో పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేవాణ్ణి. వెనక్కి వచ్చి, మళ్ళీ అదే కంచం ముందు కూర్చునేవాణ్ణి. పట్టిన పట్టు వదిలితే నేను రాజునెలా అవుతాను? పెళ్ళిళ్ళకి వెళితే పనసపొట్టు కూర కలుపుకుని తినేవాళ్ళని చూసి ఒళ్ళు మండిపోయేది. ఆ జుర్రుకోవడాలూ, ఆ వేళ్ళు నాకడాలూ, ఛీ, మనుషులేనా అనిపించేది. పద్నాలుగు కిలోలు తగ్గాను. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు.

ఉగాది వెళ్ళాక నొప్పులు మొదలయ్యాయి.

ముందు పిక్కలు. నడుస్తూ నడుస్తూ ఉండగా లోపల ఎవరో నరం పట్టుకుని మెలితిప్పినట్టు లాగేది. తరవాత తొడలు, ఆ తరవాత పక్కటెముకల కింద, చివరికి దవడ. ఆవలిస్తే దవడ పట్టేసేది. పొద్దున లేవగానే ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టుండేది. కలం పట్టుకుంటే బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయేది. దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు, వాపు లేదు. నొప్పి మాత్రం ఉంది.

డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలైంది. ఒకాయన "బరువు తగ్గారు కదా, అలాగే ఉంటుంది" అన్నాడు. ఇంకొకాయన రక్తంలో ఏదో యాసిడ్ పెరిగిందని మాంసం మానేయమన్నాడు. అన్నం మానేశాను, మాంసం కూడా మానేస్తే ఇక గాలి భోంచెయ్యాలా? ఇంకొకాయన పన్నెండు ఇంజెక్షన్లు పొడిచాడు. ఇంకొకాయన నా మొహం చూసి "టెన్షన్" అన్నాడు. అయిదో ఆయన బీపీ చూసి, "ఉప్పు తగ్గించారా?" అని అడిగాడు.

"తగ్గించడం కాదండి. పూర్తిగా మానేశాను" అన్నాను.

"వెరీ గుడ్" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా ఆవిడ నా కాళ్ళకి కర్పూరం నూనె రాస్తూ, "నాకూ పిక్కలు లాగుతున్నాయండి ఈ మధ్య" అంది. "నా జబ్బుకి కూడా పోటీకి వస్తావా?" అన్నాను. నవ్వించాననుకున్నాను. ఆవిడ కూడా నవ్వింది. మరోసారి గుడ్ల గిన్నె ఆవిడ చేతిలోంచి జారి కింద పడింది. చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. "చూసుకుని పట్టుకోలేవా?" అని అరిచి, గచ్చు మీద చితికిన ఆ పచ్చసొన చూడలేక లేచి వీధిలోకి వెళ్ళిపోయాను. గాజులు మోచేతి దాకా జారుతుంటే కొత్తగా చేయించుకుందేమో, కంసాలి కొలత తప్పాడేమో అనుకున్నాను.

ఆషాఢం వచ్చేసరికి మంచం దిగడానికి కర్ర కావలసి వచ్చింది. అప్పుడు కాకినాడ వెళ్ళి వెన్నెముక డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన స్కానింగు ఫిల్ము లైటుకి ఎత్తి పట్టుకుని, వెన్నుపూసల మధ్య ఏదో ఉబ్బిందన్నాడు. ఆపరేషన్ చేస్తే నూటికి డెబ్బై మందికి బాగుంటుందన్నాడు.

"మిగతా ముప్పై మందికండి?" అని అడిగాను.

ఆయన ఫిల్ము కవర్లో పెట్టేస్తూ, "వచ్చే గురువారం ఉదయం ఖాళీ కడుపుతో రండి" అన్నాడు.

ఆ ముప్పై మంది సంగతి ఆయన చెప్పక్కర్లేదు. మా నాన్నగారు నడుం పడిపోయి పదకొండేళ్ళు మంచంలో ఉన్నారు. మా ఇంటి వీధి గదిలో. ఆ గది వాసన నాకు ఈరోజుకీ ముక్కులో ఉంది. మూత్రం, డెట్టాలు, పుండ్లకి రాసే మందు, మాసిన దుప్పటి. పదకొండేళ్ళూ అన్నీ ఎత్తిపోసిందీ, ఒళ్ళు తుడిచిందీ, బట్టలు మార్చిందీ మా ఆవిడే. కన్నకొడుకుని నేను, గుమ్మం దగ్గరే నిలబడి, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఎలా ఉంది నాన్నగారూ?" అని అడిగి వెళ్ళిపోయేవాణ్ణి. ఆయన నా కండువా వంక చూసేవారు. ఇప్పుడు అదే గదిలో, అదే మంచం మీద నేను పడుకుంటాను. అవే గిన్నెలు ఆవిడే ఎత్తిపోస్తుంది. ఆ గురువారం తలుచుకుంటే నాకు చావు భయం వెయ్యలేదు, ఆ గది భయం వేసింది.

సోమవారం పొద్దున్నే మా చెరువు కాపలా బుల్లబ్బాయి సైకిలు మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి, నా దగ్గర పదమూడేళ్ళుగా ఉన్నాడు.

"రాజుగారండీ, మూడో చెరువులో రొయ్య తేడాగా ఉందండి. మీరోసారి చూడాలండి" అన్నాడు.

వారం రోజులుగా ఒకటే వానలు. ఆ రోజు తెరిపిచ్చి ఎండ కాస్తోంది. కర్ర పట్టుకుని, కారులో చెరువు దాకా వెళ్ళి, గట్టు మీద పాక్కుంటూ పోయినట్టే పోయాను. వెళ్ళేముందు మా ఆవిడతో, "మధ్యాహ్నం నాకోసం చూడొద్దు. గుడ్లు డబ్బాలో పట్టుకెళుతున్నాను, అక్కడే తినేస్తాను. నువ్వు తినెయ్" అని చెప్పాను.

బుల్లబ్బాయి వల విసిరి లాగాడు. ఇరవై రొయ్యలు దాకా పడ్డాయి. మంచి రొయ్య వలలోంచి తీస్తే తోక కొట్టి ఎగిరిపోతుంది. ఇవి ఎగరలేదు. ఒక్కొక్కటీ మెలితిరిగి, తోక తలకి ఆనించుకుని ఉండిపోయింది. నేనొకటి తీసుకుని వేళ్ళతో సాగదీశాను. సాగలేదు. ఇంకొంచెం లాగితే కండ తెల్లబడి పుటుక్కున విరిగింది.

"కొంకర్లండి" అన్నాడు బుల్లబ్బాయి. "మేత శుభ్రంగా తింటన్నాయండి. మేతలో తేడా లేదండి. ఈ వానలకి నీళ్ళలో ఉప్పు చచ్చిపోయిందండి. ఉప్పు లేపోతే కండ ఎలా సాగుద్దండి?"

ఆ మాట అతనికి నాలుగేళ్ళ కిందట నేర్పింది నేనే. ఇదే గట్టు మీద నిలబడి, ఇలాంటి కర్రతోనే నేల మీద గీతలు గీసి మరీ నేర్పాను.

"షెడ్డులో ఉప్పు బస్తాలున్నాయిగా. నాలుగు చల్లించు. మినరల్ మిక్చరు మధ్యాహ్నానికి తెప్పిస్తాను" అని షెడ్డు వైపు నడిచాను. గుమ్మం దాటుతుండగా కుడి పిక్క పట్టేసింది. ఎప్పటిలా కాదు. అరుపు బయటికి రాకుండా నోరు కూడా పట్టేసింది. ఉప్పు బస్తాల మీద పడ్డాను. బుల్లబ్బాయి పరిగెత్తుకొచ్చి చెప్పు లాగేసి పాదం పట్టుకున్నాడు.

చూశాను. నా కాలివేళ్ళు అయిదూ అరికాల్లోకి ముడుచుకుని ఉన్నాయి. అతను సాగదీస్తున్నాడు, సాగడం లేదు. నా చేతిలో ఇంకా ఆ రొయ్య ఉంది.

సిగ్గుతో చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు జబ్బు తెలిసిపోయింది. ఆరుగురు డాక్టర్లకి నేను నా వెన్నెముక చూపించాను, రక్తం ఇచ్చాను, మూత్రం ఇచ్చాను. రొయ్యకి కొంకర్లొస్తే పదో నిమిషంలో ఉప్పు చల్లమన్నవాణ్ణి, అయిదు నెలలుగా నా ఒంట్లో ఉప్పుగల్లు పడకుండా కాపలా కాశాను. అదీ పౌరుషంగా.

బస్తా మూతి కుట్టు తెంచి ఒక గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకున్నాను. చెరువులో చల్లే ఉప్పు అది. అందులో ఇసుక ఉంది, గోనె పీచు ఉంది, ఏవో నల్లటి నలకలున్నాయి. వేరే రోజైతే చూస్తేనే ఉమ్మేసేవాణ్ణి. అయిదు నెలల్లో మొదటిసారి నోట్లో నీళ్ళూరాయి. కళ్ళలో కూడా.

"అయ్యో, అది తినే ఉప్పు కాదండీ!" అని బుల్లబ్బాయి గాబరా పడ్డాడు. తన క్యారియర్లోంచి మజ్జిగ తీసి, ఇంత ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు. పాలచుక్క కూడా ముట్టకూడని పథ్యం. గ్లాసుడు తాగేశాను. ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాను. నొప్పి మాయమైపోయిందని చెప్పను. ఒక గంటకి వేళ్ళు విడ్డాయి, కర్ర లేకుండా షెడ్డు బయటికి నడిచాను.

సెల్లు తీసి పెద్దిరాజుకి ఫోను చేశాను. "నువ్వు ఉప్పు తింటున్నావా?" అని అడిగాను.

"అదేంటండి బావగారూ! ఉప్పు లేకపోతే కోడి ఎలా దిగుతుందండి? నేను ఆవకాయ నంజుకుంటానండి. పుస్తకంలోనే ఉంది కదండి, ఈ తిండి తింటే ఒంట్లో ఉప్పు బయటికి పోతుంది, సరిపడా తినమని. మీరు చదవలేదా?"

ఫోను పెట్టేశాను. డబ్బాలో గుడ్లు చెరువు గట్టు మీద కాకులకి వేశాను. అవి కూడా ఒకసారి పొడిచి వదిలేశాయి.

రెండున్నరకి ఇంటికి బయల్దేరాను. కండువా చెంగున కాస్త ఉప్పు మూట కట్టుకున్నాను. ఎందుకో తెలియదు, ఆవిడకి చూపించి, 'చూశావా, కనిపెట్టాను' అనాలని కాబోలు. కాళ్ళకి బురద ఉందని పెరటి వైపు నుంచి వెళ్ళాను. పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వంటింటి తలుపు తీసి ఉంది.

మా ఆవిడ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని అన్నం తింటోంది. అన్నం అన్నాను గానీ కంచంలో మెతుకు లేదు. పొద్దున నేను వాసన పడక పక్కకి నెట్టేసిన రెండు గుడ్లున్నాయి. చప్పిడి తోటకూర ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంటోంది, గ్లాసెత్తి నీళ్ళతో మింగుతోంది, ఒక్క నిమిషం ఆగి మళ్ళీ ఇంకో ముక్క. గ్లాసెత్తినప్పుడు గాజులన్నీ గలగలమంటూ మోచేతి దగ్గరికి జారాయి. ఆ చెయ్యి చూశాను. ఎముక, చర్మం.

అంతలో ఎడమకాలు ముందుకి చాపి పళ్ళు బిగపట్టింది. కాలివేళ్ళు ముడుచుకున్నాయి. అచ్చం నావిలాగే. ఆవిడ అరవలేదు. ఎడమచేత్తో పిక్క నొక్కి పట్టుకుని, కుడిచేత్తో మిగిలిన గుడ్డు ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. అలవాటైన పనిలా చేసింది.

నేను ఆ వంటింట్లోకి ఎప్పుడు అడుగుపెట్టానో నాకే గుర్తులేదు.

"అన్నమేదే?" అన్నాను.

ఉలిక్కిపడి లేవబోయింది, కాలు సహకరించలేదు. "ఇంట్లో అన్నం ఉడక్కూడదన్నారు కదండి" అంది.

"నా పథ్యం నాది! నీకేం వచ్చింది? నీకు వేరే వండుకోవద్దా?"

"మీకు చప్పిడి పెట్టి నాకు పోపు పెట్టుకుంటే, ఆ వాసన మీకు తగలదా అండి? పైగా మీరు మూడు ముద్దలు తిని తోసేస్తారు. పారబొయ్యలేక అదే తింటున్నాను."

"ఈ కాలు ఎన్నాళ్ళనించి ఇలా ఉంది?"

"మీకు మొదలైన పది రోజులకండి."

ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే నొప్పి. ఇద్దరికీ ఉందని తెలిస్తే చంటిపిల్లాడు కూడా చెప్పేవాడు, తప్పు తిండిలో ఉందని. వెన్నెముకలూ అక్కర్లేదు, స్కానింగులూ అక్కర్లేదు, కాకినాడా అక్కర్లేదు.

"మరి నాకు చెప్పొద్దా?" అని అరిచాను. ఇంకా అరవడానికి నాకు నోరుంది చూడండి.

ఆవిడ చెయ్యి కంచంలోనే ఉంచి, తలెత్తి నా వంక చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు.

"చెప్పాను కదండి" అంది.

నా మీద నాకు రోత పుట్టింది. కోడిగుడ్డు, కొరమీను, నా నోటి కంపు, ఇవేవీ ఆ రోత ముందు లెక్కలోకి రావు. కింద కూర్చున్నాను. కండువా మూట విప్పి ఆవిడ కంచంలో కాస్త ఉప్పు పోశాను. "ఇదెక్కడిదండి, మట్టి ఉంది ఇందులో" అంటూనే వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది. నేను ఆవిడ పాదం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ సాగదీస్తూ కూర్చున్నాను. ఆవిడ రెండుసార్లు పాదం వెనక్కి లాక్కోబోయింది. వదల్లేదు.

గురువారం కాకినాడ వెళ్ళలేదు. అప్పటికి మూడు రోజులుగా ఉప్పేసుకుని తింటున్నాం, నేను కర్ర మూల పెట్టేశాను. ఆ రోజు భీమవరంలో మాకు తెలిసిన ముసలి డాక్టరు గారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఆవిడ రక్తం తీయమన్నాను. సాయంత్రం ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, కళ్ళజోడు తీశారు.

"మూడు రోజులు తిన్నా ఇద్దరికీ ఉప్పు ఇంకా తక్కువే ఉంది. మీ ఆవిడగారికి మరీ తక్కువ. తిన్నగా తిండి తినండి, తగ్గిపోతుంది. ఆరుగురు డాక్టర్లకి అంతుపట్టలేదంటున్నారు, మరి ఇది తిండి వల్లేనని మీకెలా తట్టింది రాజుగారూ?"

రొయ్య సంగతి చెబుదామని నోరు తెరిచాను. పక్క కుర్చీలో ఆవిడ చీర చెంగు సర్దుకుంటూ నేల వంక చూస్తోంది.

"నాకు తట్టలేదండి. మా ఆవిడ వేసవిలోనే చెప్పింది. నేనే వినలేదు" అన్నాను.